సందేళ నిలవని వెలుగు

కార్తీక పున్నమి సాయంత్రం. సీతమ్మధారలో కాలేజీ డాబా మీద, కెమెరా ముందు ఇంద్రజ. ఫోనులో అవతల ఆమె అక్క మొగుడు సింహాద్రి. వాళ్ళ కాపురం రేవు అవతల మల్కాపురంలో; అటు నుంచి అతను వేసే లేజరు వెలుగు ఆమె వెనకాల బోర్డు మీద పడాలి.

"నేనడిగేది అది కాదు బావా. ముట్టుకున్నావా, లేదా?"

"ఏటి ముట్టుకోడం?"

"లేజర్ని. స్టాండుని. స్క్రూని. దేన్నైనా."

"నానెందుకు ముట్టుకుంటానమ్మా. ఆన్ సేసేను, కూకున్నాను. నువ్వు సెప్పినట్టే."

"మరి వెలుగు ఎందుకిలా ఊగుతోంది?"

"గాలేమో."

"ఉత్త గాలికి వెలుగు ఊగదు బావా. వేడిగాలీ చల్లగాలీ ఒకదాంట్లో ఒకటి కలిసి కొట్టుకుంటే ఊగుతుంది. మధ్యాహ్నం తారురోడ్డు మీద దూరంగా వచ్చే బస్సుని చూస్తే అలలు అలలుగా కనపడదూ, అది."

"సెప్పేవులే. వందసార్లు సెప్పేవు."

"మరి ఇప్పుడు మధ్యాహ్నమా? పొద్దు గుంకుతోంది. ఈ వేళకి నేలా గాలీ ఒకే వేడికొస్తాయి. రోజు మొత్తంలో వెలుగు కదలకుండా నిలబడేది ఈ కాసేపే. దీని కోసమే కదా రోజూ నిన్ను అక్కడ కూర్చోబెడుతున్నది."

"ఊఁ."

"ఇవాళ నిలబడట్లేదు. పొద్దు దిగేకొద్దీ ఎక్కువవుతోంది. ఎండాకాలంలో కూడా నేనింత చూడలేదు."

"ఓడ పొగేమో. రేవులో పెద్ద ఓడొకటి వచ్చిందన్నారు."

"పొగైతే వెలుగు మసకేస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. ఇది అలా లేదు. నీ చుట్టుపక్కల ఎవరైనా మంట పెట్టారా? చెత్త కాలుస్తున్నారా?"

"లేదు. ఇక్కడెవులున్నారు, కాల్సడానికి."

"ఎవరూ లేకపోవడమేంటి? మీ డాబా చుట్టూ అన్నీ డాబాలే కదా."

"అదే. ఆ డాబాల మీద ఎవుల్లేరంటన్నాను."

"పున్నమి పూట?"

"కిందున్నారు. పూజల్లో ఉన్నారు. అద్దం మురికేమో ఇంద్రా, తుడవనా?"

"మొన్నా అదే అన్నావు. వెలుగు తగ్గిందేంటి బావా అంటే అద్దం మురికి అన్నావు. తుడిచానన్నావు. ఐనా పెరగలేదు."

"దుమ్ము మరి. బొగ్గు దుమ్ము. ఓపాలి తుడిత్తే పోతాదేటి."

"బావా, అక్కడ కప్పలేంటి?"

"ఏ కప్పలు?"

"వినిపిస్తున్నాయి. గుంపుగా అరుస్తున్నాయి."

"ఓ, ఆ కప్పలా. కాలవ కాడ."

"మీ ఇంటి కింద కాలవ ఎక్కడుంది?"

"ఈది సివరుంది కదా. ఇనబడతాయి. సూడు ఇంద్రా, నీకు లేజరు గురించి కావాలా, కప్పల గురించి కావాలా?"

"కోపమెందుకు. అడిగాను. ఇంటావిడ పోతమ్మగారు ఇంకా గొణుగుతోందా?"

"ఎందుకు?"

"ఎందుకేంటి, కోడలు కడుపుతో ఉంది, ఆ కిరణాలు నెత్తి మీంచి పోతే బిడ్డకి మంచిది కాదు, తీసెయ్యమని గొడవ చేసింది కదా."

"ఇప్పుడేటీ అన్లేదు."

"ఒప్పుకుందా? నేనొచ్చి గంటసేపు బతిమాలినా వినలేదు. నువ్వెలా ఒప్పించావు?"

"ఏదో సర్దుబాటు సేసేనులే. నీ సదువు ఆగదు. నువ్వు బెంగెట్టుకోకు."

"నువ్వు లేకపోతే ఏమైపోదునో బావా. రేవు ఇటొడ్డు నుంచి అటొడ్డుకి తీగ లేకుండా వెలుగు మీద మాటలు పంపొచ్చని మా శ్రీరామ్మూర్తి సారు అందరికీ చెప్పేశారు. వచ్చే నెల నా లెక్కలన్నీ అప్పజెప్పాలి. ఒక్క సాయంత్రం పోయినా ఊరుకోరు."

"అందుకే కదా."

"ఏంటందుకే?"

"ఏటీ లేదు."

"డ్యూటీకి వెళ్ళలేదా ఇవాళ?"

"సెలవెట్టేను."

"పున్నమికి వాచ్‌మన్‌కి సెలవిచ్చాడా మీ కాంట్రాక్టరు? మంచివాడైపోయాడే."

"ఇచ్చేడు. ఏటి నువ్వు, పోలీసోళ్ళలాగ అన్నీ అడగతన్నావు."

"ఆగు. ఆగు ఆగు. బావా, వెలుగు జారిపోతోంది."

"జారడమేటి?"

"నా వెనకాల గోడకి గళ్ళు గీసిన తెల్ల బోర్డు ఉంది కదా. దాని మధ్యలో పడాలి. ఇప్పుడు కింది అంచుకొచ్చేసింది. ఇంకాస్తయితే బోర్డు దాటి గోడ మీదకి పోతుంది."

"అదా. దానికింత కంగారెందుకు. ఉండు, పైకెత్తేత్తాను."

"ఏంటి ఎత్తేది?"

"స్క్రూ. రోజూ సేసేదే కదా."

"రోజూనా?"

"అంటే... అప్పుడప్పుడు."

"ఇప్పుడే కదా ముట్టుకోలేదన్నావు."

"ఇవాళ ముట్టుకోలేదు. ఇంకా."

"బావా. రోజూ ఏం చేస్తున్నావు?"

"అరుత్తావేటి. నీ బోర్డు బొమ్మ నా ఫోన్లో కూడా వచ్చేలా పెట్టేవు కదా, సూత్తానే ఉంటాను. సందేళయ్యేతలికి వెలుగు కిందకి దిగతాది. నువ్వు ఫోన్ సేసి అరిసేలోపల నానే కొంచెం స్క్రూ తిప్పి మజ్జిలోకి తెచ్చేత్తన్నాను. స్టాండు కాళ్ళు దిగిపోతన్నాయేమో అనుకున్నాను, తడి నేల కదా."

"డాబా మీద తడి నేలేంటి?"

"వానలకి నాని ఉంది. డాబా."

"ఎన్నాళ్ళ నుంచి తిప్పుతున్నావు?"

"కొన్నాళ్ళే. మొదట్లో పావు తిప్పు తిప్పితే సాలేది. నిన్నైతే రెండు తిప్పులు తిప్పేను."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే ఏటౌతాది? బెంగెట్టుకుంటావు. వెలుగు మజ్జిలోకి వచ్చేసింది, నీ పనైపోయింది."

"స్టాండు దిగట్లేదు బావా. వెలుగే వంగుతోంది."

"వెలుగు వంగడమేటే?"

"బిందెలో గరిటె పెడితే వంకరగా కనపడదూ. అలాగే. బరువైన గాలి కింద పరుచుకుని ఉంటే వెలుగు దాని వైపుకే వంగిపోతుంది. అది నాకు తెలియాల్సిన సంగతి. నువ్వు రోజూ దాన్ని చక్కదిద్ది, ఏమీ కానట్టు నాకు పంపావు."

"నాకేటి తెలుసమ్మా. మంచి సేత్తన్నాననుకున్నాను."

"నిన్ననట్లేదు. నేను మాత్రం తక్కువ చేశానా? సందేళ వెలుగు ఊగిన రికార్డు ముక్కలన్నీ కాకులు అడ్డొచ్చినవని నేనే కంప్యూటరు చేత తీసేయిస్తున్నాను. ఇద్దరం కలిసి శుభ్రంగా తుడిచేశాం."

"సలి మొదలైంది కదా. సల్లగాలికి వంగతాదేమో."

"చలిగాలికి ఇంత వంగదు. పొద్దు పూర్తిగా పోలేదు కూడా. ఒక పని చెయ్. స్క్రూ ముట్టుకోకు. స్టాండు పక్కన చిన్న చక్రం ఉంటుంది చూడు. తిప్పితే మధ్యలో కడ్డీ లేస్తుంది, లేజరు కూడా దాంతోపాటు లేస్తుంది."

"ఉంది."

"ఇప్పుడు లేజరు ఎంత ఎత్తులో ఉంది?"

"మోకాళ్ళ కాడ. కూకుని సూసుకోడానికి బాగుంటాదని అలా పెట్టేను."

"పైకి తిప్పు. నెమ్మదిగా. వెలుగుని బోర్డు దాటనివ్వకు."

"...తిప్పుతన్నాను."

"ఇంకా."

"నడుం దాకా వచ్చింది."

"ఇంకా. ఎంతవరకు వెళ్తే అంతవరకు."

"సాతీ దాకా. ఇంక లెగదు, ఇంతే."

"నిలబడింది."

"ఏటి?"

"వెలుగు. నిలబడింది. గోడకి మేకు కొట్టినట్టుంది. మళ్ళీ కిందకి దించు."

"ఇప్పుడే కదా ఎత్తమన్నావు."

"దించు బావా. మొదటున్నంత."

"...దించేను."

"ఊగుతోంది. జారుతోంది కూడా. మళ్ళీ పైకి."

"ఏటే, నాతోటి ఆటలాడతన్నావా?"

"పైకి తిప్పు."

"తిప్పేను. ఇదిగో, సాతీ దాకా."

"నిలబడింది."

"అయితే ఏటి?"

"నీ కాళ్ళ చుట్టూ ఏదో ఉంది బావా. మడిలో నీళ్ళు నిలిచినట్టు నిలిచి ఉంది. దానిపైన గాలి మామూలుగానే ఉంది. దాని అంచు నుంచి పోయినప్పుడే వెలుగు వంగుతోంది."

"నాకేటీ కనబడ్లేదు."

"వాసనొస్తోందా?"

"లేదు. మట్టి వాసన, అంతే."

"కళ్ళు మండుతున్నాయా? గొంతు?"

"లేదు. కాళ్ళు మాత్రం సల్లగా ఉన్నాయి. ఇందాకట్నుంచీ అనుకుంటన్నాను, ఐసు మీద నిలబడ్డట్టుందేటని."

"కిందకి చూడు. అంచు దగ్గరికెళ్ళి కిందకి చూడు."

"...మంచు లాగుంది."

"ఎక్కడ?"

"గడ్డి మీద. పల్సగా, తెల్లగా. పొద్దున్నే సలికాలంలో ఉంటాది సూడు, అలాగ. కానీ కదలతంది. పాకతంది."

"గడ్డి ఎక్కడిది అక్కడ?"

"గోడవార. గడ్డుంటాది కదా గోడవార."

"ఎటు నుంచి పాకుతోంది?"

"గేసు ట్యాంకుల యార్డు గోడుంది కదా. దాని కింద నీళ్ళు పోయే తూముంది. దాన్లోంచి."

"మీ వీధి వెనకాల గోడేనా?"

"ఆ గోడ పొడుగే కదా. సానా దూరం ఉంటాది. ఇంద్రా, కప్పలు ఆగిపోయేయి."

"ఏంటి?"

"ఇప్పటిదాకా అరిసేయి కదా. ఒక్కసారే ఆగిపోయేయి. నువ్వు అడిగినప్పుడు సికాకేసింది గానీ, ఇప్పుడు అరిత్తే బాగుణ్ణు అనిపిత్తంది."

"అది గ్యాసు బావా."

"గేసైతే వాసనొత్తాది కదే. సిలిండరు కారితే తెలీదేటి."

"సిలిండర్లో నింపే ముందు వాసన కలుపుతారు. ట్యాంకుల్లో వట్టిదే ఉండొచ్చు, దానికి వాసన ఉండదు. గాలి కంటే బరువు. ఎగిరిపోదు, నేల పట్టుకుని పాకుతుంది, పల్లం దొరికితే నిలిచిపోతుంది. రోజూ సాయంత్రం గాలి పడిపోగానే కొంచెం కొంచెం నిలుస్తోంది. అదే నువ్వు స్క్రూతో దిద్దుతున్నది."

"ఓలమ్మా."

"ఇవాళ గాలి అసలే లేదు."

"ఆగు, నాకు సరిగ్గా సెప్పు. అది లేజరు కాడే ఉందా? మరోసోట కాదు కదా? రేవు మీద కూడా అవ్వొచ్చు కదా."

"రేవు మీద కాదు. నా దగ్గరుంటే నా కెమెరాలో బొమ్మే గజిబిజి అయిపోయేది. మధ్యలో ఉంటే ఇంతలా జారదు. బయల్దేరే చోట కొంచెం వంగితేనే ఇంత దూరం వచ్చేసరికి ఇంత తేడా వస్తుంది. నువ్వు చక్రం తిప్పితే నిలబడింది కదా, ఇంకేం కావాలి. నీ దగ్గరే ఉంది."

"అయితే ఇల్లు పరవాలేదు."

"ఏం మాట్లాడుతున్నావు? లేజరు ఇంటి మీదే కదా ఉంది. డాబా మీదే మోకాళ్ళ దాకా ఉంటే కింద గదుల్లో ఎంతుంటుంది? అక్కా పిల్లలూ కిందున్నారు. ఈపాటికి వీధి వీధంతా దీపాలు పెట్టడానికి కూర్చుని ఉంటారు."

"అది కాదు ఇంద్రా. నాను నీకొక మాట సెప్పాలి."

"తర్వాత చెప్పు."

"తర్వాత కాదు. ఇప్పుడే సెప్పాలి. నువ్వు తిట్టకుండా..."

"బావా, విను. ఏ స్విచ్చూ ముట్టుకోకు. లేజరు ఆర్పకు. బండి స్టార్ట్ చెయ్యకు. బీడీ కట్ట జేబులోంచి తియ్యకు. నేను అక్కకి చేస్తాను, ఫైర్ స్టేషనుకి మీ అడ్రసు చెబుతాను."

"అడ్రసు... ఇంద్రా, ఒక్క నిమిషం ఇనవే."

"నిమిషాలు లేవు."

"ఎప్పుడూ ఇంతే నువ్వు, మాట సగంలో కోసేత్తావు. నాను సెప్పేది..."

"పెట్టేస్తున్నాను బావా."

ఆ ఫోను కట్ చేసి, అక్క గౌరీశ్వరికి చేసింది.

"అక్కా, స్టవ్ వెలిగించావా?"

"ఒలే, ఉపాసమున్నదానికి స్టవ్వెందుకు. పొద్దున్నుంచి పాలే. నువ్వు తిన్నావా?"

"దీపం పెట్టేశావా?"

"పెట్టబోతన్నాను. ఏడాదొత్తులు నెయ్యిలో తడిపి పళ్ళెంలో పెట్టేను. అగ్గిపెట్టి సేతిలోనే ఉంది. సెంద్రుడు కొంచెం పైకి రాగానే..."

"గీయకు."

"ఏటి?"

"అగ్గిపుల్ల గీయకక్కా. పెట్టె పక్కన పెట్టెయ్. పిల్లలకి అందకుండా పెట్టు."

"ఏటయిందే నీకు?"

"ట్యాంకుల యార్డు నుంచి గ్యాసు కారుతోంది. మీ ఇంటి చుట్టూ నిండిపోయింది."

"నాకేటీ వాసన రాలేదే."

"రాదు. అదే నా భయం. బావ చూశాడు. తెల్లగా పాకుతోందట, కాళ్ళు ఐసులా ఉన్నాయట."

"మీ బావ సూసేడా? ఆ మనిసి ఇప్పుడెక్కడ..."

"అక్కా, మధ్యలో అడ్డురాకు. నేను చెప్పేది ముందు విను."

"ఇంటన్నాను. కానీ ఆ మనిసి అక్కడుంటే..."

"బావకి అన్నీ చెప్పాను. బావ దిగి వచ్చేస్తాడు. ఇంట్లో ఎవరెవరున్నారు?"

"పిల్ల గుంటలిద్దరూ ఉన్నారు. పోతమ్మగారు, ఆవిడ కోడలు ఆశాజ్యోతి ఉన్నారు. ఈదిలో ఆడోళ్ళందరూ మన గుమ్మంలోనే ఉన్నారు, పళ్ళేలట్టుకుని. అందరం ఒక్కసారే ఎలిగిద్దామని."

"ఇంకా ఎవరూ వెలిగించలేదు కదా?"

"లేదు. సెంద్రుడి కోసం సూత్తన్నాం అన్నాను కదా."

"అందర్నీ తీసుకుని నడిచి వెళ్ళిపోండి. లైటు వెయ్యొద్దు, ఉన్న లైటు ఆర్పొద్దు. బండ్లు ముట్టుకోవద్దు. ఫోన్లు ఇళ్ళల్లోనే వదిలేయమను."

"ఫోన్లేటి సేసేయి?"

"ఎక్కడ రవ్వ పుడుతుందో ఎవరికి తెలుసు. నీది కూడా. నేను పెట్టగానే మంచం మీద పడేసి వెళ్ళిపో. మళ్ళీ చేసినా ఎత్తకు."

"ఎక్కడికెల్లాలి ఇంతమందిమి?"

"ఎక్కడికైనా. ఖాళీగా ఉన్న చోటికి. ఇళ్ళు లేని చోటికి."

"డ్రిల్లుకి తీసుకెళ్తారు కదా, అక్కడికా?"

"ఏ డ్రిల్లు?"

"ఏడాదికోపాలి సైరనేసి ఈదోళ్ళందర్నీ పరిగెట్టించరేటి. పాత పంపుహౌసు మైదానంలో నిలబెట్టి, మజ్జిగ పేకెట్లిచ్చి పంపేత్తారు. గేసొత్తే ఇక్కడికే రావాలని బోర్డు కూడా పెట్టేరు."

"అది ఎటువైపు?"

"పడమటేపు. ఈది దాటి, కాలవ దాటి."

"ఆగు. ఇక్కడ జెండా చూస్తున్నాను. గాలి లేనట్టే ఉంది. కదిలితే పడమటి నుంచే కదులుతోంది. అంటే మీ ఇంటి దగ్గరున్నది అటు రాదు. మంచిది, అక్కడికే వెళ్ళండి."

"మరి నా ఒత్తులే?"

"ఒత్తులేంటక్కా."

"అలాగంటావేటి. ఏడాదంతా పెట్టలేని దీపాలకి ఈ ఒక్క పూట పెడతాం. సిన్నదానికి జొరమొచ్చినప్పుడు మొక్కుకున్నాను కూడా. తడిపిన ఒత్తులు వదిలేసి గుమ్మం దాటితే నాకు మనసొప్పదు. పోతమ్మగారైతే అసలే కదలదు. కోడలు కడుపుతో ఉంది, అరిష్టమంటాది."

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఎంతసేపే. గీసి, ముట్టించి, దండమెట్టుకుని ఎల్లిపోతాం."

"వద్దు. వద్దక్కా. వద్దు. పళ్ళెం పట్టుకెళ్ళు. అగ్గిపెట్టె కూడా పట్టుకెళ్ళు. మైదానంలో వెలిగించుకో. అందరూ అక్కడే వెలిగించుకోండి, నేనేమీ అనను. ఇక్కడ మాత్రం గీయకండి."

"అక్కడైతే పరవాలేదా?"

"పర్లేదు."

"అంతమందినీ కదపాలి మరి. నువ్వు సెప్పేవని సెప్పనా? సదువుకున్న పిల్ల సెప్పిందంటే ఇంటారు."

"చెప్పు. నా మాటగా చెప్పు."

"ఒలే, ఒక్కటి అడగనీ. మీ బావ నీకు సెప్పేడో లేదో గానీ..."

"అన్నీ చెప్పాడు. అక్కా, నువ్వు కదలవే. నాకు ఏడుపొస్తోంది."

"ఏడకు. ఏడకే. ఎల్తన్నాను. పోతమ్మగారూ, పళ్ళేలు తియ్యండమ్మా. అందరం మైదానానికెల్దాం, అక్కడ పెట్టుకుందాం దీపాలు. మా ఇంద్ర సెప్పింది."

ఇంద్రజ ఫైర్ స్టేషనుకి ఫోను చేసి అక్క ఇంటి అడ్రసు చెప్పింది; వాళ్ళు అన్నీ గుచ్చి గుచ్చి అడిగి రాసుకునేసరికి చాలాసేపైంది. అది పెట్టేసరికి సింహాద్రి ఫోను మోగుతోంది.

"ఎంతసేపట్నుంచి సేత్తన్నానో తెలుసా? నీ ఫోను బిజీ. మీ అక్క ఫోను బిజీ. ఇప్పుడు మీ అక్కది మోగుతంది గానీ ఎత్తట్లేదు."

"ఎత్తదు. ఇంట్లో వదిలేసి వెళ్ళమన్నాను. నువ్వు దిగలేదా ఇంకా?"

"ఎలా దిగీది? నిచ్చెన కింది మెట్లు కనబడ్లేదు. మంచు ఇంకా పెరిగింది. దిగితే గుండెల దాకా వచ్చీలాగుంది."

"నిచ్చెనేంటి? మీ డాబాకి మెట్లున్నాయి కదా."

"ఇంద్రా, ఈపాలి నువ్వు మాటాడకు. నాను డాబా మీద లేను."

"అంటే?"

"పోతమ్మ ఒప్పుకోలేదు. నువ్వు బతిమాలి ఎల్లిన మర్నాడే తీయించేసింది. మా కోడలికేటైనా అయితే నువ్వు తెచ్చిత్తావా అంది. నానేటి సెప్పను? కడుపుతో ఉన్న పిల్ల. తీసేసేను."

"బావా."

"నీకు సెప్తే నీ పని ఆగిపోతాది. నెల్లాళ్ళలో అప్పజెప్పాలన్నావు. మీ సారు ఊరుకోరన్నావు. అందుకని నా డూటీ కాడ, మట్టి పేరుకున్న ఓ కప్పు మీద పెట్టేను. గురి సూసే గొట్టంలోంచి సూసుకుని, అదే వరసలో, నీ బోర్డుకి ఎదురుగానే పెట్టేను. ఇంటికి బాగా ఎనక్కి, అంతే. వెలుగు తగ్గిందన్నావు కదా, అందుకే. మురికి కాదు."

"అక్కకి తెలుసా?"

"తీసేసేనని తెలుసు గానీ, కాంట్రాక్టరు ఇటు మార్సిన ఈ డూటీ సోటు తెలీదు. నీకు సెప్పొద్దని నానే ఒట్టేయించుకున్నాను. ఇవాళ సెలవు కూడా ఎట్టలేదు. డూటీలోనే ఉన్నాను. నీకు సెప్దామని సూత్తే నువ్వు ఇనవు."

"ఆగు. ఆగు బావా. అంటే అక్క ఇంటి దగ్గర గ్యాసు లేదా?"

"లేదు. ఇక్కడే ఉంది. ఇల్లు ఎడంగా, మెరక మీద ఉంది. ఆళ్ళని ఇల్లు కదలొద్దని సెప్పు. అదే సెప్దామని మీ అక్కకి సేత్తన్నాను."

"అమ్మయ్య. నా గుండె ఆగిపోయింది బావా. పోన్లే. పోన్లే, ఏమీ కాలేదు. నిన్ను తర్వాత తిడతాను. అందరూ క్షేమంగా ఉన్నారు."

"ఇంట్లోనే ఉన్నారు కదా?"

"ఇంట్లో లేరు. వీధంతా ఎప్పుడో బయల్దేరింది. ఆ వత్తులు ముట్టించకుండా గుమ్మం దాటనని అక్క మొండికేస్తే, పళ్ళేలు పట్టుకెళ్ళి డ్రిల్లు చేసే మైదానంలో వెలిగించుకోండని పంపించాను. ఈపాటికి చేరిపోయే ఉంటారు."

"ఏ మైదానం?"

"పాత పంపుహౌసు దగ్గరదట. కాలవ అవతల. వాళ్ళ సంగతి వదిలెయ్, నీ సంగతి చెప్పు. ఫైరింజన్ని నీ దగ్గరికి పంపాలి. నువ్వెక్కడున్నావు?"

"ఆ పంపుహౌసు కప్పు మీదే ఉన్నాను, ఇంద్రా. మీ అక్క గొంతు ఇనబడతంది."